మంచం కింద సీసా, ఇప్పచెట్టు కింద గంప

మా వీధి మలుపులో ఒక దుకాణం ఉంది. దాని మీద ఇంతింత అక్షరాలతో 'వైన్స్' అని రాసి ఉంటుంది. మా కరీంనగర్‌లోనే కాదు, మంచిర్యాలలో దిగండి, ఆదిలాబాద్‌లో దిగండి, ఆఖరికి ఏ మండల కేంద్రంలో దిగినా సరే, బస్టాండుకు కూతవేటు దూరంలో ఆ బోర్డు మీకు కనిపించి తీరుతుంది. మా చిన్నవాడు అక్షరాలు కూడబలుక్కుని చదవడం నేర్చుకున్న కొత్తలో "అమ్మా, వైన్స్ అంటే ఏంది?" అని నడిబజార్లో అడిగాడు. డిగ్రీ చదివిన తల్లిని కదా! "ద్రాక్షపండ్ల రసాన్ని పులియబెట్టి చేస్తారు నాన్నా" అని చెప్పాను. పక్కనున్న మా వారు నవ్వాపుకోలేక, "ఆ కొట్టుల అదొక్కటి తప్ప అన్నీ ఉంటయి" అన్నారు.

నిజమే. పేరు ద్రాక్షది, అమ్మకం బీరుది, విస్కీది. 2023లో మన రాష్ట్రంలోని 2620 మద్యం దుకాణాల కోసం లక్షకు పైగా దరఖాస్తులు పడ్డాయి. లాటరీలో పేరు వచ్చినా రాకపోయినా అప్పుడు ఒక్కో దరఖాస్తు కింద కట్టిన 2 లక్షల రూపాయలు తిరిగి రాలేదు. అంత పోటీ ఉన్న వ్యాపారంలో ఒక్కడు కూడా, బోర్డు మీది మాటకు న్యాయం చేద్దామని అనుకోలేదు చూడండి!

ఇంతకీ నేను తాగుడు గురించి రాస్తానని ఏనాడూ అనుకోలేదు. రాయించింది మా మరిది. అతను ఇటలీలోని టూరిన్‌లో పై చదువు చదివి, అక్కడే ఉద్యోగం చూసుకున్నాడు. 2022 దసరాకు వచ్చినప్పుడు నాకు చాక్లెట్లు, అత్తమ్మకు శాలువా, వాళ్ళన్నకు ఒక సీసా తెచ్చాడు. నల్లటి సీసా, మీద రాజుల కాలం నాటి ముద్రలాంటిది. పేరు బరోలో. ఎర్ర ద్రాక్షసారా అన్నమాట. ఆ రోజు తాగడానికి కాదట! "ఇంకో అయిదేండ్లు ఉంచుండ్రి, అప్పుడు తీద్దాం" అని చెప్పి, నాకు అప్పగింతలు మొదలుపెట్టాడు.

"వదినా, దీన్ని నిలబెట్టొద్దు, అడ్డంగ పండబెట్టాలె. వెలుతురు తగలొద్దు. వేడి తగలొద్దు. ఊకె కదిలియ్యొద్దు. చుట్టుపక్కల ఘాటు వాసనలు లేకుండ చూడాలె."

అత్తమ్మ వింటూ వింటూ ఉండి, "బాలింతకు చెప్పినట్టు చెప్పవడ్తివి కదరా!" అంది. ఇంటిల్లిపాదీ నవ్వాం. కానీ తర్వాత ఆలోచిస్తే ఆ పోలిక భలే కుదిరిందనిపించింది.

పండబెట్టడం ఎందుకంటే, సీసా మూతి బెరడు బిరడాతో మూసి ఉంటుంది. లోపలి రసం దానికి తగులుతూ ఉంటే బిరడా తడిగా, బిగువుగా ఉంటుంది. నిలబెడితే అది ఎండి కుంచించుకుపోయి సందు ఇస్తుంది. గాలి లోపలికి పోతుంది. ఇక ఆ సీసా పని అంతే. అందుకని వాళ్ళు భూమిలోపల నేలమాళిగలు కట్టుకుంటారు. ఎండాకాలమైనా చలికాలమైనా అక్కడ 12, 14 డిగ్రీల చల్లదనం, కాస్త చెమ్మ, చీకటి. తాతలు పెట్టిన సీసాలను మనవలు తీస్తారు. ఆడపిల్ల పుట్టిన ఏడు కొన్న సీసాను ఆమె పెళ్ళినాడు తీసే ఇళ్ళు కూడా ఉంటాయట. మన ఇళ్ళల్లో బిడ్డ పుట్టగానే గిన్నె గిన్నె, గ్లాసు గ్లాసు కొని సజ్జ మీద దాచడం మొదలుపెడతామే, అట్లాగే అనుకోండి.

ఆ బరోలో అనేది ఊరి పేరు. టూరిన్‌కు దక్షిణాన కొండల మీద పదకొండు ఊళ్ళున్నాయి. ఆ ఊళ్ళ పొలాల్లో నెబియోలో అనే ఒకే రకం ద్రాక్ష పండించి చేసిన దానికే ఆ పేరు పెట్టుకునే హక్కు. పక్క ఊరిలో అదే ద్రాక్షతో, అదే పద్ధతిలో చేసినా సరే, సీసా మీద బరోలో అని రాయకూడదు. చేసిన వెంటనే అమ్మనూ కూడదు. 38 నెలలు ఆగాలి. అందులో 18 నెలలు చెక్క పీపాల్లోనే ఉంచాలి. మోంటాల్చినో అని టస్కనీలో ఇంకో ఊరుంది. అక్కడి బ్రునెల్లోకయితే ద్రాక్ష కోసిన తర్వాత అయిదో ఏడు జనవరి దాకా బజారు ముఖం చూపించరు. 1980 నుంచి ఈ రెండింటికీ అక్కడి ప్రభుత్వం అన్నిటికంటే పైవరస ముద్ర వేస్తోంది. అవి కావాలని ప్రపంచం నలుమూలల నుంచీ కొనేవాళ్ళు కాచుకుని ఉంటారు. ఏ ఏటి పంట, ఏ కొండవాలు, ఎవరి పీపా అని ఆరాలు తీస్తారు. మన ఆడవాళ్ళం పాత బియ్యమా, కొత్త బియ్యమా, ఏ మిల్లువి అని అడగమూ? అట్లా.

మరిది చెప్పిన వాటిల్లో నాకు బాగా గుర్తుండిపోయింది ఒక ఆవిడ కథ. జూలియా కోల్బెర్ అని, ఫ్రాన్సులో పుట్టి బరోలో జమీందారు ఇంటికి కోడలుగా వచ్చింది. ఇప్పుడు జనం ఎగబడే ఈ బరోలోకి 19వ శతాబ్దంలో ఒక రూపం రావడంలో ఆమె చెయ్యి ఉందని చెప్పుకుంటారు. పిల్లలు లేరు. భర్త పోయాక ఇరవై అయిదేళ్ళకు పైగా ఒంటరిగా బతికి 1864లో కన్నుమూసింది. ఆమె ఇంకో పని కూడా చేసింది. టూరిన్ జైళ్ళలో పశువుల్లా పడి ఉన్న ఆడఖైదీల దగ్గరికి వెళ్ళి, వాళ్ళకు చదువు, పని నేర్పించి, జైలు పద్ధతులనే మార్పించింది. సీసా మీద ఊరి పేరే ఉంది. ఆ జైలు సంగతి మాత్రం తాగేవాళ్ళలో ఎంతమందికి తెలుసో!

సరే, మన సీసా సంగతికి వద్దాం. మాది రెండు గదుల మేడ. నేలమాళిగ ఎక్కడి నుంచి తెస్తాను? ఫ్రిజ్‌లో పెడదామంటే అత్తమ్మ "పాలగిన్నె పక్కన గది వద్దు" అంది. చివరికి బియ్యం బస్తాలుండే గదిలో, పాత మంచం కింద, పాత చీరలో చుట్టి పండబెట్టాను. మా ఎండలు మీకు తెలియనివి కావు. సింగరేణి బొగ్గు, రామగుండం కరెంటు మనవే అయినా, మే నెల మధ్యాహ్నం 45 డిగ్రీలు దాటితే ఏ ఫ్యానూ ఆదుకోదు. మూడు ఎండాకాలాలు ఆ సీసా మంచం కింద గడిపింది. నేను ఇల్లు ఊడ్చినప్పుడల్లా చీపురు తగలకుండా జాగ్రత్తపడ్డాను కూడా.

2025లో దసరా, గాంధీ జయంతి ఒకే రోజు వచ్చాయి గుర్తుందా? వైన్స్ అన్నీ బంద్. ముందు రోజు సాయంత్రం మా వీధి మలుపులో నిలబడ్డ వరసను చూసి, రేషన్ సరుకులకైనా మన మగవాళ్ళు ఇంత ఓపిగ్గా నిలబడరు కదా అనుకున్నాను. ఆ దసరాకు వచ్చిన మరిది, అయిదేళ్ళు నిండకపోయినా, పండుగ మర్నాడు "తీద్దాం వదినా" అన్నాడు. చీర విప్పి చూస్తే, బిరడా రవ్వంత పైకి పొడుచుకొచ్చి ఉంది. మీది కాగితం మీద ఎర్రటి చార. అతని ముఖం అప్పుడే వాడిపోయింది. గ్లాసులో పోసి, గిరగిరా తిప్పి, ముక్కు దగ్గర పెట్టుకుని, "ఉడికిపోయింది వదినా" అన్నాడు.

వేడికి లోపలి రసం పొంగి బిరడాను తోసింది. చల్లబడినప్పుడు వెనక్కి తగ్గుతూ గాలిని లోపలికి లాగింది. మూడేళ్ళూ అదే వరస. నేను వేలు ముంచి నాలుకకు రాసుకున్నాను (అత్తమ్మ వంటింట్లో ఉంది లెండి). మంచి బరోలోకి గులాబీల వాసన, దాని వెనకే తారు వాసన వస్తాయట. తారు వాసన కోసం ఇంత డబ్బు పోసి కొనడమేమిటో నాకు అర్థం కాలేదు గానీ, అది రుచి తెలిసినవాళ్ళ మాట. మాకు వచ్చింది మాత్రం, రేగుపండ్లు ఉడకబెట్టి మరిచిపోయిన వాసన. నాలుక మీద నేరేడుపండు వగరు, వెనక పాత చింతపండు పులుపు. వగరు ఆ ద్రాక్షకు పుట్టుకతో వచ్చేదేనట. ఏళ్ళు గడిచేకొద్దీ మెత్తబడాల్సింది. మా మంచం కింద దానికి ఆ అదృష్టం పట్టలేదు.

ఆ సాయంత్రం పాపం అతను చిన్నబుచ్చుకుని కూర్చుంటే, మాటల్లో పెట్టాను. అప్పుడే అమరోనే గురించి చెప్పాడు. వెరోనా అనే ఊరి దగ్గర ద్రాక్షగుత్తులు కోసి, గాలాడే కొట్టాల్లో పళ్ళేల మీద పరిచి మూడు నాలుగు నెలలు ఆరబెడతారట. గింజ ముడతలు పడి, నీరు పోయి, తీపి చిక్కబడ్డాక అప్పుడు పిండి పులియబెడతారట. అది కూడా చాలా గిరాకీ ఉన్న రకం. అతను చెబుతూనే ఉన్నాడు. నాకు మాత్రం ఉట్నూరు దగ్గరి గూడెంలో, వాకిట్లో పరిచిన చాప కళ్ళ ముందుకు వచ్చింది.

మా నాన్న ఉట్నూరు దగ్గర ఆశ్రమ పాఠశాలలో పంతులుగా పనిచేశారు. నా చిన్నతనం అంతా అక్కడే. మార్చి నెలాఖరుకు ఇప్పచెట్లు ఆకంతా రాల్చి, కొమ్మకొమ్మకూ మొగ్గ తొడిగేవి. పువ్వు రాత్రిపూట విచ్చుకుని, తెల్లవారుజామున టపటపా రాలుతుంది. ఎండ పైకి వచ్చేలోపు ఏరుకోవాలి. లేకుంటే పశువులు తింటాయి. అడవిలోపలయితే ఎలుగుబంటి ఇంకా ముందే లేస్తుంది. గోండు ఆడవాళ్ళు, పిల్లలు చీకటితోనే గంపలు పట్టుకుని పోయేవాళ్ళు. ఏ చెట్టు ఏ ఇంటిదో గూడెంలో అందరికీ తెలుసు. గీత గీయనక్కర లేదు. మా బడి పక్కన ఉండే అవ్వ నన్ను కూడా తీసుకుపోయేది. పాలమీగడ రంగులో, ముత్యమంత ఉబ్బుగా, చేతిలో పట్టుకుంటే జారిపోయేటట్లుండేది పువ్వు. "ఒకటి తిను బిడ్డా, రెండో తిను, గుప్పెడు తింటే మాత్రం తల తిరుగుతది" అనేది. తీపి. అట్లాంటిట్లాంటి తీపి కాదు. ఆ తీపి వెనక ఒక అడవి వాసన. నాకు నచ్చేది. మా అమ్మకు గిట్టేది కాదు.

ఆ ఏటి మొదటి పువ్వు దేవునికి పెట్టనిదే అవ్వ నోట వేసుకునేది కాదు. తెచ్చిన పువ్వు చాపల మీద పోసి ఎండబెడితే, నాలుగైదు రోజులకు రంగు మారి, కిస్‌మిస్ పండులా ముడుచుకునేది. గంపల కొద్దీ పువ్వు ఎండితే దోసెళ్ళ కొద్దీ మిగిలేది. దాన్ని కొట్టి లోపలి కేసరాలు రాలగొట్టి, చాటలో చెరిగి, వెదురు గుమ్మిలో దట్టించి పైన పేడతో మెత్తేది. చెమ్మ తగిలితే పురుగు పడుతుంది, బూజు పడుతుంది. అడుగున వేపాకు వేసేది. వానాకాలంలో జొన్నలు నిండుకున్న రోజుల్లో గుమ్మి నోరు తెరిచేది. పువ్వు వేయించి, నువ్వులతో కలిపి దంచి పెడితే మేం పంతులుగారి పిల్లలం కూడా ఎగబడి తినేవాళ్ళం. ఎండిన పువ్వులో సగానికి పైగా చక్కెరే మరి. అదే పువ్వును నానబెట్టి, పులియబెట్టి, కుండ మీద కుండ పెట్టి వండితే ఇప్పసారా. పుట్టుకకు, పెళ్ళికి, చావుకు, దేవుడికి ఆ నాలుగు చుక్కలు పొయ్యకుండా వాళ్ళకు ఏ కార్యమూ జరగదు.

ఇప్పుడు చెప్పండి. అక్కడ ద్రాక్ష ఆరబెడితే అది విద్య. ఇక్కడ పువ్వు ఎండబెడితే అది నాటుసారా ముడిసరుకా? అక్కడ పీపా పక్కన నిలబడి ఫోటో దిగుతారు. ఇక్కడ కుండ పక్కన నిలబడితే కేసు పెడతారు. తెల్లవాళ్ళ కాలంలోనే, 1892లో, బొంబాయి వైపు ఈ పువ్వును ఇంట్లో దాచుకోవడం మీద కూడా ఆంక్షలు పెడుతూ ఒక చట్టం చేశారు. తమ సారాయి ఆదాయానికి గండి పడుతుందని! ఆకలినాడు తినే తిండిని దాచుకోవడం నేరమయిన రోజులున్నాయన్నమాట.

ఈ మాట అన్నానని నన్ను సారా పక్షం అనుకోకండి. నా కడుపులో వేరే మంట ఉంది.

మా పిన్నిది జగిత్యాల వైపు ఊరు. బాబాయి తాగుడుకు ఆమె ఒంటి మీది బంగారం ఒక్కొక్కటే పోయి, చివరికి పుస్తెలు కూడా తాకట్టుకు పోయాయి. నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు 1992లో సారా దుకాణం మూయించారన్న వార్త పేపర్లో చదివి వినిపిస్తే, పిన్ని ఆ ముక్కను చించి దేవుడి పటం వెనక పెట్టుకుంది. 1993 అక్టోబరు 1 నుంచి సారా బంద్ అయింది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం కూడా వచ్చింది. ఆ సంక్రాంతికి పిన్ని ఇంట్లో అరిసెలు చేసింది. అప్పుడు నాకు ఎనిమిదేళ్ళు. నువ్వులద్దిన అరిసె నా చేతిలో పెట్టి ఆమె నవ్విన నవ్వు ఇప్పటికీ మరిచిపోలేదు. రెండేళ్ళు తిరిగాక, 1997లో నిషేధం ఎత్తేశారు. ఈ మధ్యలో బాబాయి ఆగాడా అంటే ఆగలేదు. గుడుంబా మరిగాడు. నల్లబెల్లం, పటిక, ఇంకా ఏమేం కలిపేవాళ్ళో చేసినవాళ్ళకే తెలియాలి. నలభై అయిదేళ్ళు నిండకముందే పోయాడు. పిన్ని ఆ తర్వాత బీడీలు చుట్టి ఇద్దరు పిల్లలను చదివించింది.

కాబట్టి తాగుడుకు గౌరవం తెచ్చిపెట్టాలన్న ఉబలాటం నాకు లేదు. నా బాధంతా, ఏం కలుస్తున్నదో ఎవరికీ తెలియని తాగుడు పేదవాడికి, ఏ కొండవాలు ద్రాక్షో కూడా రాసి ఉన్న తాగుడు డబ్బున్నవాడికి అన్న పద్ధతి మీద. ఇటలీ వాళ్ళు పుట్టుకతోనే నిజాయితీపరులేం కారు. 1986లో అక్కడే, అదే పీడ్‌మాంట్ వైపు, చవక ద్రాక్షసారాలో మిథనాల్ విషం కలిపి అమ్మితే 20 మందికి పైగా చనిపోయారు. చూపు పోయినవాళ్ళు వేరే. దేశం పరువు గంగలో కలిసింది, ఎగుమతులు పడిపోయాయి. తర్వాత చట్టాలు బిగించారు, తనిఖీలు పెంచారు. రైతులు తక్కువ చేసి మంచిది చెయ్యడం మొదలుపెట్టారు. సీసా మీద ఊరి పేరు రాసుకున్నవాడు ఆ పేరుకు జవాబు చెప్పాలి అన్న పట్టుదల అప్పటి నుంచి ఇంకా గట్టిపడింది.

మన కల్లు సంగతే చూడండి. మా మామగారి ఊళ్ళో పెద్దలు గుక్క నోట్లో పోసుకుని ఇది పోతుతాడుదా, పండుతాడుదా, తాటిదా, ఈతదా అని చెప్పేసేవాళ్ళు. పొద్దున తీపి, మధ్యాహ్నానికి పులుపు, సాయంత్రానికి తాగలేని పులుపు. దాన్ని దాచడమంటూ లేదు. లొట్టి లోపల సున్నం పూస్తే పులియకుండా తియ్యగా ఉంటుంది, అదే నీరా. అంతకుమించి కల్లుకు నేలమాళిగ అక్కర లేదు, చెట్టే దాని నేలమాళిగ. మోకు కట్టుకుని ప్రాణాలకు తెగించి చెట్టెక్కే గౌడన్న పేరు ఊరందరికీ తెలుసు కనుక, కల్తీ చేస్తే తెల్లారే పట్టుకునేవాళ్ళు. ఇప్పుడు చెట్లు తగ్గాయి, పట్నంలో గిరాకీ పెరిగింది. చెట్టు లేకుండానే కల్లు తయారవుతోంది. క్లోరల్ హైడ్రేట్, డయాజెపామ్, ఆల్ప్రాజోలమ్ లాంటి మత్తుమందులు కలిపిన కేసులు మన రాష్ట్రంలో ఏళ్ళ తరబడి పట్టుబడుతూనే ఉన్నాయి. 2025 జులైలో హైదరాబాద్ కూకట్‌పల్లి వైపు కల్తీ కల్లు తాగి ఎందరో ఆస్పత్రి పాలయ్యారు, కొందరు చనిపోయారు కూడా. కూలి చేసి, నడుం నొప్పికని సాయంత్రం ఒక సీసా తాగే ఆడవాళ్ళు మనకు తెలియనివాళ్ళా? రెండు రోజులు అది దొరక్కపోతే చేతులు వణికి, మాట తడబడే అక్కలను మా వాడలోనే చూశాను. అది కల్లు మత్తు కాదని వాళ్ళకు చెప్పేదెవరు?

ఇప్ప దగ్గరికి మళ్ళీ వస్తాను. పోయిన వేసవిలో ఉట్నూరు వెళ్ళాను. కరీంనగర్ నుంచి జగిత్యాల, లక్సెట్టిపేట, జన్నారం మీదుగా బస్సు పోతుంటే, కవ్వాల అడవి దాటాక పొలాల గట్ల మీద ఇప్పచెట్లు కనబడతాయి. పత్తికోసం అడవి అంతా చదును చేసిన చోట కూడా వాటిని కొట్టలేదు. ఉట్నూరులో ఆదివాసీ మహిళల సంఘం ఒకటి ఇప్పపువ్వుతో లడ్డూలు చేస్తోంది. పువ్వు, బెల్లం, పల్లీలు, నువ్వులు. రక్తహీనత ఉన్న ఆడపిల్లలకు మంచిదని ఆశ్రమ పాఠశాలల్లోనూ పెట్టారు. 2025 మార్చిలో ప్రధానమంత్రి రేడియోలో మాట్లాడుతూ, ఇప్పపూలతో వంటకాలు చేస్తున్న ఆదిలాబాద్ జిల్లా అక్కచెల్లెళ్ళను తలచుకున్నారు కూడా. ఇంటికి అరకిలో తెచ్చాను. మా పిల్లలు రెండు రోజుల్లో డబ్బా ఖాళీ చేశారు. మా నాన్న ఉంటే ఎంత సంతోషపడేవారో!

కానీ లడ్డూ ఒక్కటే అన్నిటికీ మందు కాదు. ఎండిన ఇప్పపువ్వుకు కేంద్రం 2020లో మద్దతు ధర కిలోకు 17 రూపాయల నుంచి 30 రూపాయలకు పెంచింది. చీకటితో లేచి, వంగి ఏరి, ఎండబెట్టి, చెరిగి, గంపల కొద్దీ పువ్వు కొద్ది కిలోలయితే, దానికి కిలో 30! మా చిన్నప్పుడు అంగడికి వచ్చే సేటు వేసవిలో పువ్వంతా తక్కువకు కొని గోదాములో పెట్టేవాడు. వానాకాలంలో గుమ్మి ఖాళీ అయిన ఇళ్ళవాళ్ళు అదే పువ్వును అదే సేటు దగ్గర ఎక్కువ ధరకు కొనుక్కునేవాళ్ళు. అవ్వకు పువ్వు ఉంది గానీ చేతిలో పైస లేదు. ఆగే ఓపిక సేటుకే ఉంది. బరోలో రైతు 38 నెలలు ఆగగలుగుతున్నాడంటే అతనికి నేలమాళిగ ఉంది, బ్యాంకు అప్పు ఉంది, వెనక సర్కారు ముద్ర ఉంది. అవ్వ మూడు నెలలు ఆగాలంటే తడవని ఒక కొట్టు చాలు. ఊరికొక గోదాము, పువ్వు కుదువ పెట్టుకుని నాలుగు పైసలు చేబదులిచ్చే సంఘం... ఇది అంత పెద్ద కోరికా? రోజూ కోట్ల మాటలు వింటున్నాం కదా.

ఇక సారా మాట. మధ్యప్రదేశ్ ప్రభుత్వం 2022లో ఇప్పసారాను వారసత్వ మద్యంగా గుర్తించి, ఆదివాసీ సంఘాలు సీసాల్లో పోసి అమ్ముకోవడానికి దారి ఇచ్చింది. గోవా వాళ్ళు జీడిమామిడి ఫెనీకి 2009లోనే భౌగోళిక గుర్తింపు తెచ్చుకున్నారు. మనమూ చేద్దాం అనే మాట మన దగ్గరా వినబడుతోంది. నన్నడిగితే నేను వెంటనే ఊఁ అనను. సీసా, ముద్ర, ధర వచ్చాక ఆ వ్యాపారం అవ్వ చేతిలో ఉంటుందా, లక్షలు పోసి దరఖాస్తు పెట్టగలిగినవాడి చేతిలోకి పోతుందా? పువ్వంతా సారాకు పోతే వానాకాలం గుమ్మిలో ఏం మిగులుతుంది? అయితే, వద్దని చెప్పడానికి నేనెవరిని? షెడ్యూలు ప్రాంతాల కోసం 1996లో వచ్చిన పీసా చట్టం, మత్తు పదార్థాల మీద నిషేధం పెట్టాలా, అదుపు పెట్టాలా అన్న నిర్ణయం తీసుకునే అధికారం గ్రామసభకు ఉండాలని చెబుతోంది. అడవి చిన్నకారు ఉత్పత్తుల మీద హక్కు కూడా అందులోనే ఉంది. ఎక్సైజు వాళ్ళూ, అటవీశాఖ వాళ్ళూ, పట్నంలో కూర్చుని వ్యాసాలు రాసే నాబోటివాళ్ళూ కాకుండా ఆ సభలో ఆడవాళ్ళు కూర్చుని తేల్చుకోవాలి. దేవుడికి పోసే నాలుగు చుక్కలు ఎంతవరకు, అమ్మకం ఎంతవరకు, సరిహద్దు అవతలి నుంచి దొంగచాటుగా వచ్చే దేశీదారు సంగతేమిటి... అన్నీ. మగవాళ్ళు ఒక్కరే చేతులెత్తితే అది ఎటు పోతుందో మనకు తెలుసు.

మా మరిది ఈసారి వెళ్ళేటప్పుడు, "మళ్ళొకటి తెస్త వదినా, ఈసారి ఫ్రిజ్‌ల పెట్టు" అన్నాడు. పాత సీసాను అత్తమ్మ బూడిదతో తోమి, ఎండలో ఆరబెట్టి, నువ్వులనూనె పోసింది. మీది కాగితం మాత్రం పోలేదు. మా ఇంటికి వచ్చినవాళ్ళు వంటింట్లో బరోలో చూసి ఉలిక్కిపడుతున్నారు.

ఉట్నూరు నుంచి తిరిగి వచ్చే రోజు, బస్సు కోసం నిలబడితే రోడ్డు పక్కన ఒకామె రెండు మూటలతో కూర్చుని ఉంది. అవ్వ వయసుది కాదు, నా ఈడుది. ఒక మూట విప్పి మానికతో కొలిచి అమ్ముతోంది. మంచి ఎండిన ఇప్పపువ్వు, ఒక్క కేసరం లేదు. రెండు మానికలు తీసుకున్నాను. ఇంకా కావాలనిపించి, "ఆ రెండో మూటల నుంచి కూడా ఇంకో రెండు పొయ్యక్కా, ధర ఎక్కువైనా పర్వాలేదు" అన్నాను.

ఆమె మూటను దగ్గరికి జరుపుకుంది. "అది అమ్మేది కాదమ్మా, వానకాలంది" అంది.